వీరస్వర్గం మీద నాకున్న అనుమానం

భారతం చివరిదాకా వచ్చినవాళ్లని కూడా కాస్త ఇబ్బందిపెట్టే ఘట్టం ఒకటుంది. ధర్మరాజు బొందితో స్వర్గానికి చేరతాడు. తమ్ముళ్లు ఎదురొస్తారనుకుని లోపల అడుగుపెడితే దుర్యోధనుడు కనిపిస్తాడు. అదీ ఏ మూలో తలదాచుకుని కాదు. దేవతల నడుమ, ఉన్నతాసనం మీద, సూర్యుడిలా వెలిగిపోతూ. ధర్మరాజుకి ఒళ్లు మండిపోతుంది. ఇతనున్న లోకం నాకక్కర్లేదు, నా తమ్ముళ్లెక్కడుంటే నన్నక్కడికి పంపండి అంటాడు. నారదుడు నవ్వుతాడు. స్వర్గంలో పగలకి చోటులేదు మహారాజా, ఈయన యుద్ధాగ్నిలో శరీరాన్ని ఆహుతి చేసి వీరులు పొందే లోకాన్ని పొందాడు అని సర్దిచెబుతాడు.

చాలామంది ఇక్కడ ధర్మరాజు తరఫున కోపం తెచ్చుకుని, కాసేపటికి ఇంద్రుడిచ్చే సమాధానంతో ఊరట చెంది, పుస్తకం మూసేస్తారు. నాకు దుర్యోధనుడి మీద కోపం రాదు. యుద్ధంలో ఎదురునిలిచి చచ్చినవాడికి స్వర్గం అని పెద్దలంతా ముక్తకంఠంతో చెప్పారు. ఆయన అలాగే చచ్చాడు. (మధ్యలో మడుగులో దాక్కున్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అది వేరే విషయం.) మాట ఇచ్చాక చెల్లించాలి కదా, చెల్లించారు. తిరకాసు ఆ మాటలోనే ఉంది. వ్యాసుడికి ఆ సంగతి బాగా తెలుసని నా నమ్మకం. మెసొపొటేమియాలో (నేటి ఇరాక్ ప్రాంతం) గిల్గమేష్ కథ చెప్పినవాళ్లకీ, గ్రీకు కవి హోమర్‌కీ కూడా తెలుసు. యుద్ధంలో చావు గొప్పదన్న మాటని వీళ్లంతా తమ పాత్రల నోట గట్టిగానే పలికించారు. పలికించి, శవాలు కుప్పపడ్డాక, అదే కావ్యంలో ఆ మాటని నిలదీశారు. ఈ కావ్యాల్లో అసలు ధైర్యమంటే ఏమిటో చూడాలనుకుంటే చావబోతున్నవాడి దగ్గర ఆగిపోకూడదని, చచ్చినవాళ్ల విషయంలో బతికున్నవాళ్లు ఏం చేశారో చూడాలని నేనంటాను.

ముందు ఆ మాట ఎవరు, ఎప్పుడు చెబుతారో గమనించండి. గీత రెండో అధ్యాయం 37వ శ్లోకం అందరికీ తెలిసిందే: "హతో వా ప్రాప్స్యసి స్వర్గం జిత్వా వా భోక్ష్యసే మహీమ్". చస్తే స్వర్గం, గెలిస్తే రాజ్యం, రెండు విధాలా లాభమే, లేచి యుద్ధం చెయ్యి. విల్లు కింద పడేసి కూర్చున్నవాడితో, యుద్ధం మొదలవకముందు చెప్పిన మాట ఇది. ఇంకో ఆరు శ్లోకాలు దాటితే, 43లో, అదే కృష్ణుడు స్వర్గమే పరమావధి అనుకునేవాళ్లని కోరికలతో నిండినవాళ్లని తీసిపారేస్తాడు. తొమ్మిదో అధ్యాయానికొచ్చేసరికి పుణ్యం ఖర్చయిపోగానే స్వర్గం నుంచి మళ్లీ కిందికి దిగాల్సిందే అంటాడు. చెప్పినవాడే ఆ మాట మీద నిలబడలేదు. అర్జునుణ్ణి లేపడానికి చేతికందిన వాదనల్లో అదొకటి, అంతే.

ఇంకో సంగతి. ఆ శ్లోకంలో పక్షం ప్రసక్తి లేదు. ధర్మం వైపు చస్తేనే స్వర్గం అనలేదు. కాబట్టి శల్యపర్వంలో తొడలు విరిగి పడిపోయిన దుర్యోధనుడు, కృష్ణుడు తన తప్పులన్నీ ఏకరువు పెట్టాక, తడుముకోకుండా జవాబిస్తాడు. చదువుకున్నాను, దానాలు చేశాను, భూమినంతా ఏలాను, శత్రువుల తలల మీద నిలబడ్డాను, క్షత్రియుడు కోరుకునే చావు దక్కింది, నాకంటే ధన్యుడెవడు? నావాళ్లందరితో కలిసి స్వర్గానికి పోతున్నాను, మీరిక్కడ ఏడుస్తూ బతకండి. ఆ మాటలకి ఆకాశం నుంచి పూలవాన కురుస్తుంది. గంధర్వులు వాద్యాలు మోగిస్తారు. పాండవులు, కృష్ణుడితో సహా, సిగ్గుతో తలదించుకుంటారు. ధర్మం గెలిచిన రోజున పూలవాన ఓడినవాడి మీద కురిపించిన కవిని తక్కువ అంచనా వేయకూడదు.

ఈ హామీ పచ్చిగా కనబడేది ఉత్తర ఐరోపా పురాణాల్లో. ఐస్లాండ్‌లో 13వ శతాబ్దంలో రాతలోకి వచ్చిన పద్యాల్లో, గద్యంలో వాల్హల్లా అనే వీరుల సభ వర్ణన ఉంది. యుద్ధంలో పడినవాళ్లలో సగంమందిని దేవతల పెద్ద ఓడిన్ తన సభకి తెప్పించుకుంటాడు, మిగతా సగం ఫ్రేయా దేవత వాటా. ఆ సభకి 540 వాకిళ్లు, ఒక్కో వాకిలి నుంచి 800 మంది వీరులు ఒకేసారి బయటికి నడవచ్చు. గుణిస్తే 4,32,000. కలియుగానికి మనవాళ్లు చెప్పిన సంవత్సరాల సంఖ్య కూడా సరిగ్గా ఇదే. కాకతాళీయం అనే నేననుకుంటాను కానీ, మొదటిసారి గుణించినప్పుడు మాత్రం కాగితం మీద ఇంకోసారి లెక్క వేసుకున్నాను.

అక్కడి దినచర్య ఏమిటంటే, పొద్దున్నే ఆయుధాలు పట్టుకుని ఒకళ్లనొకళ్లు నరుక్కోవడం, భోజనాల వేళకి కలిసికట్టుగా వచ్చి కూర్చోవడం. రోజూ వండిన పంది సాయంత్రానికి మళ్లీ ప్రాణంతో లేస్తుంది. మేక పొదుగు నుంచి తేనెసారా ధార కడుతుంది. ఇదంతా వింటే కుర్రాళ్లకి కట్టిన విడిదిల్లులా ఉంటుంది. కానీ ఓడిన్ కేసి చూడండి. అంత విందులో ఆయన ఒక్క ముక్క నోట పెట్టడు. తన ముందు పెట్టిన మాంసం రెండు తోడేళ్లకి వేసి, తను సారాతో సరిపెట్టుకుంటాడు. వచ్చే యుద్ధం ఆయనకి తెలుసు. రాగ్నరోక్ అనే ఆ ఆఖరి యుద్ధంలో ఫెన్రిర్ అనే తోడేలు తనని మింగబోతోందని తెలుసు. ఈ సభ, ఈ వాకిళ్లు, ఈ పంది మాంసం, అన్నీ ఆ రోజు కోసం సైన్యాన్ని మేపడానికే. అంత సైన్యం ఉన్నా గెలుపు లేదు. 954లో హతుడైన ఎరిక్ అనే రాజు మీద ఆ కాలంలోనే అల్లిన ఒక గీతంలో ఒక వీరుడు ఓడిన్‌ని సూటిగా అడుగుతాడు: అంత శూరుడని తెలిసి అతనికి గెలుపు ఎందుకు దక్కకుండా చేశావు? ఓడిన్ చెప్పే కారణం: బూడిదరంగు తోడేలు దేవతల ఇళ్ల కేసి చూస్తోంది. అంటే గెలవాల్సినవాణ్ణి ఓడించి చంపి మరీ తెచ్చుకుంటున్నాడు. స్వర్గం పేరుతో జరిగే సైనిక నియామకాన్ని ఇంత దాపరికం లేకుండా ఒప్పుకున్న దేవుడు వేరే పురాణాల్లో అరుదు.

అదే పురాణంలో దేవతలందరికీ ముద్దుబిడ్డ బాల్డర్, వేళాకోళంగా విసిరిన మిస్సిల్టో పుల్ల తగిలి చస్తాడు. రోగంతో, ముసలితనంతో పోయినవాళ్లు చేరే హెల్ లోకానికే చేరతాడు. ఓడిన్ సొంత కొడుకు. వాల్హల్లా వాకిళ్లు 540 ఉన్నా అతనికి ఒక్కటీ తెరుచుకోలేదు.

మెక్సికోలో అజ్‌టెక్‌లది ఇంకో పద్ధతి. యుద్ధంలో పడ్డ మగవాళ్లు సూర్యుణ్ణి తూర్పు నుంచి నడినెత్తిదాకా సాగనంపుతారు. అక్కడి నుంచి పడమటిదాకా ఆ పల్లకీ మోసేది పురిట్లో పోయిన స్త్రీలు. ప్రసవాన్ని యుద్ధమనీ, అందులో పోయిన తల్లిని వీరురాలనీ లెక్కగట్టారు. ఈ ఒక్క విషయంలో వాళ్లు మన కవులకంటే న్యాయంగా ఉన్నారనిపిస్తుంది.

సరే, స్త్రీపర్వానికి వద్దాం. భారతంలో జనం దాటేసిపోయే భాగాల్లో ఇదొకటి. యుద్ధం అయిపోయింది, ఇంక ఏడుపులే కదా అని. నేనైతే గీత చదివినవాళ్లందరూ దీన్నీ చదివితీరాలంటాను, ఎందుకంటే ఇది దానికి జవాబు. గాంధారికి వ్యాసుడు దివ్యదృష్టి ఇస్తాడు. పెళ్లినాటి నుంచి కళ్లకి గంతలు కట్టుకున్న మనిషికి దక్కిన చూపు అది, దాంతో ఆవిడ చూసింది కురుక్షేత్రాన్ని. కోడళ్లు యుద్ధభూమిలో పరుగెడుతుంటారు. ఒకావిడ తెగిన తల ఒకటి దొరికితే తెచ్చి మొండేనికి ఆనించి చూస్తుంది. కాదు, ఇది ఆయనది కాదు అని మళ్లీ వెతుకులాట. భూరిశ్రవుడి భార్య అర్జునుడు నరికిన అతని చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ చెయ్యి తనని ఎలా తాకేదో తలుచుకుంటుంది. ఉత్తర అభిమన్యుడి కవచం విప్పి, రక్తంలో తడిసిన జుట్టు సవరించి, బతికున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. వీళ్లెవరికీ ఎవరూ స్వర్గం సంగతి చెప్పరు. చెప్పినా ఎక్కే స్థితిలో లేరు.

ఆ తర్వాత ధృతరాష్ట్రుడు ఒక ప్రశ్న అడుగుతాడు. ఎంతమంది పోయారు? ధర్మరాజు చెప్పే లెక్క 166 కోట్ల 20 వేలు. ఆచూకీ తెలియనివాళ్లు 24,165 మంది. మొదటి అంకె కావ్యం అంకె, దాన్ని పట్టుకుని వాదించక్కర్లేదు. రెండోది చూడండి. కోట్లలో లెక్కలు చెబుతూ చెబుతూ ఆచూకీ లేనివాళ్ల దగ్గర కవి 165 దాకా దిగాడు. మరి వాళ్లంతా ఎక్కడికి పోయారని ముసలాయన మళ్లీ అడుగుతాడు. దానికి ధర్మరాజు తడుముకోకుండా తరగతులవారీగా చెబుతాడు. సంతోషంగా ప్రాణాలిచ్చినవాళ్లు ఇంద్రలోకంలాంటి చోట్లకి పోయారు. ఎలాగూ చావాలి కదా అని మనసులో ఇష్టం లేకుండానే పోరాడి పోయినవాళ్లు గంధర్వుల దగ్గరికి. ప్రాణభిక్ష అడుగుతూ, వెనుదిరిగిపోతూ తెగిపోయినవాళ్లు కుబేరుడి పరివారమైన గుహ్యకుల దగ్గరికి. ఎలాగో ఒకలా చచ్చినవాళ్లు ఉత్తర కురుదేశానికి.

ఈ జాబితాలో నాకు నచ్చేది దాని నిజాయితీ. భిక్ష అడిగినవాళ్లు ఉన్నారని ఒప్పుకుంది. ఇష్టం లేకుండా వచ్చినవాళ్లు ఉన్నారని ఒప్పుకుంది. అందరూ నవ్వుతూ చచ్చారని బుకాయించలేదు. కానీ ఎంత చక్కటి జాబితా అయినా అది జాబితాయే. ధృతరాష్ట్రుడు ఆ వివరంతో ఆగడు. వీళ్లలో అనాథలున్నారు, అగ్నిసంస్కారం చేసేవాళ్లు లేనివాళ్లున్నారు, వాళ్ల సంగతేమిటంటాడు. అప్పుడు ధర్మరాజు విదురుణ్ణి, సంజయుణ్ణి, ధౌమ్యుణ్ణి పిలిచి పని పురమాయిస్తాడు. చందనం కట్టెలు, నెయ్యి, నూనె, బట్టలు తెప్పిస్తారు. విరిగిన రథాల కలపని చితులకి వాడతారు. ఏ దేశం నుంచి వచ్చారో, ఎవరి కొడుకులో తెలియనివాళ్లని వేలవేలుగా పోగుచేసి విదురుడు దగ్గరుండి దహనం చేయిస్తాడు. నాకు పరలోకాల పట్టికకంటే ఈ కట్టెల ఏర్పాటు ఎక్కువ పరలోక చింతగా కనిపిస్తుంది.

పరలోకంలో ఏ ఆశా చూపని సంస్కృతి సంగతేమిటి మరి? అక్కడా వీరులున్నారు కదా. మెసొపొటేమియాలో గిల్గమేష్ అనే రాజు కథ అలాంటిది. నినెవె నగర శిథిలాల్లో దొరికిన మట్టిపలకల మీద ఉన్న జలప్రళయ కథని 1872లో జార్జ్ స్మిత్ చదివి లోకానికి చెప్పేదాకా దాదాపు రెండువేల ఏళ్లు ఈ కథ ఎవరికీ తెలియదు. గిల్గమేష్, అతని నేస్తం ఎంకిడు ఇద్దరూ కలిసి దేవదారు అడవి కాపలాదారు హుంబాబాని చంపుతారు, ఆకాశం నుంచి దిగిన వృషభాన్ని చంపుతారు. దేవతలు ఎంకిడుకి చావు విధిస్తారు. అదీ యుద్ధంలో కాదు. 12 రోజులు మంచం పట్టి తీసుకుని తీసుకుని పోతాడు. పోయేముందు అతని బాధంతా అదే: యుద్ధంలో పడ్డవాడికి పేరు మిగులుతుంది, నాకు ఆ చావు కూడా రాలేదు. అంతకుముందే పాతాళం కలలోకి వచ్చింది. వెలుతురు లేని ఇల్లు. అక్కడివాళ్లు తినేది మట్టి, కట్టుకునేది పక్షుల్లా ఈకలు. తలుపు మీద, గడియ మీద దుమ్ము. ఒక మూల రాజుల కిరీటాలు కుప్పపోసి ఉన్నాయి.

ఎంకిడు పోయాక గిల్గమేష్ శవాన్ని పూడ్చనివ్వడు. ఆరు పగళ్లు, ఏడు రాత్రులు పక్కనే కూర్చుంటాడు. శవం ముక్కులోంచి పురుగు రాలి పడ్డాక గానీ లేవడు. ప్రాచీన సాహిత్యంలో మరణం ఇంత దగ్గరగా, ఇంత పచ్చిగా కనబడే చోటు ఇంకొకటి నాకు తట్టదు. రాక్షసుణ్ణి చంపినవాడు, వృషభాన్ని చీల్చినవాడు ఒక పురుగు దగ్గర ఓడిపోయాడు. అప్పటినుంచి అతను వీరుడు కాడు. చావంటే భయపడి జంతువుల తోళ్లు కట్టుకుని తిరిగే మనిషి. కథలో అసలు విలువైన భాగం ఆ భయంతోనే మొదలవుతుంది.

గిల్గమేష్ మీదే సుమేరు భాషలో ఒక పాత పద్యం ఉంది. అందులో పాతాళం నుంచి పైకొచ్చిన ఎంకిడుని గిల్గమేష్ ఒక్కొక్కరి గురించీ అడుగుతాడు. కొడుకులు ఎంతమంది ఉంటే అక్కడ అంత సుఖం. ఏడుగురున్నవాడు చిన్న దేవతల సరసన కూర్చున్నాడు. తర్పణం వదిలేవాళ్లు లేనివాడు గిన్నెల అడుగు గీరుకుని, వీధిలో పారేసిన ముక్కలు తింటున్నాడు. ఆస్తీకుడి కథలో జరత్కారువు పితరులు సంతానం లేక గోతిలో తలకిందులుగా, ఎలుక కొరుకుతున్న గడ్డిదుబ్బుని పట్టుకుని వేలాడటం గుర్తొస్తుంది కదా. మరి యుద్ధంలో పడ్డవాడు ఎలా ఉన్నాడు? ఈ ప్రశ్నకి జవాబులో స్వర్గం లేదు, విందు లేదు. అతని కోసం భార్య ఏడుస్తోంది. అంతే. పుట్టగానే పోయిన పసికందులు మాత్రం బంగారు వెండి బల్లల దగ్గర తేనె, నెయ్యి తింటూ ఆడుకుంటున్నారు. పాతాళంలో మంచి చోటు వాళ్లకి కేటాయించిన కవి ఎవరో గానీ, ఏ యుద్ధవీరుడికీ ఇవ్వని ప్రేమ వాళ్లకిచ్చాడు.

గ్రీకుల దగ్గరికొస్తే, ట్రాయ్ నగరం మీద యుద్ధానికి వెళ్లిన వాళ్ల మహావీరుడు అకిలీస్‌ని తప్పించుకోలేం. ఇంటికి పోతే పెద్దవయసుదాకా అనామకంగా బతుకు, ట్రాయ్‌లో ఉండిపోతే చిన్నవయసులో చావు, చెరగని కీర్తి. ఈ రెండు దారులూ ఎదురుగా పెట్టుకుని రెండోది ఎంచుకున్నవాడు. హోమర్ చెప్పిన ఒడిస్సీ 11వ సర్గలో, అదే యుద్ధంలో పోరాడిన ఒడిస్సియస్ మృతుల లోకం అంచుకి వెళ్లినప్పుడు అకిలీస్ కలుస్తాడు. బతికుండగా దేవుడిలా పూజించాం, ఇక్కడ కూడా నువ్వే రాజువి, చావు గురించి విచారపడకు అంటాడు ఒడిస్సియస్. నాకు చావు గురించి తీపి మాటలు చెప్పకు అంటాడు అకిలీస్. చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండేకంటే, భూమి మీద గింజ పండని పేదవాడి దగ్గర కూలిపని చేసుకునైనా బతకడం మేలు అంటాడు.

ఈ మాట ఎంత ప్రమాదకరమైనదో గ్రీకు తత్వవేత్త ప్లేటోకి వెంటనే అర్థమైంది. రిపబ్లిక్ అనే తన పుస్తకం మూడో భాగం మొదట్లోనే, తను ఊహించిన రాజ్యంలో పిల్లలకి చెప్పే కావ్యాల నుంచి కొట్టేయాల్సిన పంక్తుల పట్టికలో మొట్టమొదట దీన్నే పెట్టాడు. కారణం దాచలేదు: ఇలాంటివి వింటూ పెరిగినవాళ్లు చావుకి భయపడతారు, ఓటమికంటే చావే మేలనుకునే సైనికులు తయారవరు. నా వాదనకి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు. పరలోకం బాగుండాలి అన్నది ఆయన దృష్టిలో సైన్యం అవసరం.

నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. అకిలీస్ ఆ మాట అనేసి, మరుక్షణం కొడుకు సంగతి అడుగుతాడు. నీ కొడుకు యుద్ధంలో ముందువరుసలో నిలబడి ఎందరినో చంపాడని ఒడిస్సియస్ చెప్పగానే, ఆ నీడ పొంగిపోయి పచ్చికబయలు మీద పెద్ద పెద్ద అంగలు వేస్తూ వెళ్లిపోతుంది. తను ఏ బతుకైతే దండగ అన్నాడో అదే బతుకు కొడుకు బతుకుతున్నాడని విని ఆనందం. హోమర్ మనల్ని సులువుగా వదలడు.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. ఏ హామీ లేకపోతే ఎవడు పోరాడతాడు? ఇల్లూవాకిలీ కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు ఎవడు నిలబడతాడు? ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన ఇలియడ్ 12వ సర్గలో, ట్రాయ్ పక్షాన పోరాడే సర్పెడాన్ తన నేస్తం గ్లాకస్‌తో అంటాడు: ముసలితనం, చావు లేకుండా ఎప్పటికీ బతుకుతామని తెలిస్తే నేను ముందు వరుసలో నిలబడను, నిన్నూ నిలబడమనను. చావు ఎలాగూ వేయి రూపాల్లో కాచుకుని ఉంది కాబట్టే, పద. నాలుగు సర్గలు తిరక్కముందే అతను చస్తాడు. తండ్రి దేవతల రాజు జ్యూస్ అయినా కాపాడలేక నెత్తుటి చినుకులు మాత్రం కురిపించగలుగుతాడు. అతనికి దక్కింది సొంత ఊళ్లో సమాధి.

ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ ఇంకా మంచి ఉదాహరణ. అకిలీస్ దగ్గరికి వచ్చేసరికి పరుగు లంకించుకుంటాడు. కోటగోడ చుట్టూ మూడుసార్లు. తల్లీ తండ్రీ పైనుంచి చూస్తూనే ఉన్నారు. మన సినిమా కథానాయకుడెవడూ ఇలా పరుగెత్తడు. చివరికి తమ్ముడు పక్కన ఉన్నాడని నమ్మి ఆగుతాడు, ఈటె విసురుతాడు, ఇంకో ఈటె కోసం వెనక్కి తిరిగితే తమ్ముడు లేడు. అది ఎథీనా దేవత చేసిన మోసం. అప్పుడు తెలుస్తుంది చావు ఖాయమని. అప్పుడు కత్తి దూస్తాడు. ముందు తరాలు చెప్పుకునే పని ఒకటి చేసి చస్తాను అంటాడు, నిజమే, అదీ కీర్తి మీద ఆశే. కానీ పైలోకంలో ఏదో ఇస్తారన్న ఊహ అతని మనసులో ఎక్కడా లేదు. భయపడి పరుగెత్తినవాడు, దేవతలు కూడా వదిలేశాక, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పూలవానలో చచ్చిన దుర్యోధనుడి ధైర్యం పక్కన ఈ ధైర్యాన్ని పెట్టి చూడండి.

ఇలియడ్ అకిలీస్ చావుతో ముగియదు, ట్రాయ్ పతనంతోనూ ముగియదు. కొయ్యగుర్రం అందులో లేనే లేదు. అది హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. దానికి ముందు 24వ సర్గలో హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రయామ్ రాత్రిపూట, ఒక ముసలి వార్తాహరుణ్ణి వెంటబెట్టుకుని, బండి నిండా సొమ్ములతో శత్రువు గుడారానికి పోతాడు. అకిలీస్ మోకాళ్లు పట్టుకుని, తన కొడుకుల్ని చంపిన ఆ చేతుల్నే ముద్దు పెట్టుకుంటాడు. నీ తండ్రిని తలుచుకో అంటాడు. ఇద్దరూ ఏడుస్తారు, ఒకడు కొడుకు కోసం, ఇంకొకడు తండ్రి కోసం, హెక్టర్ చేతిలో పోయిన నేస్తం కోసం. తర్వాత అకిలీస్ చేసిన పని చిన్నదే. శవాన్ని ప్రయామ్ కంటపడకుండా పక్కకి తీసుకెళ్లి కడగమని దాసీలకి చెబుతాడు. ఆ స్థితిలో చూస్తే ముసలాయన ఆగలేక ఏమైనా అంటాడని, తను కోపం పట్టలేక ఆయన్ని చంపేస్తానేమోనని. తన మీద తనకే అంత భయం. అంత్యక్రియలకి ఎన్ని రోజులు కావాలని అడుగుతాడు. తొమ్మిది రోజులు ఏడుస్తాం, పదో రోజు దహనం, పదకొండో రోజు సమాధి, పన్నెండో రోజు తప్పదనుకుంటే మళ్లీ యుద్ధం చేద్దాం అంటాడు ప్రయామ్. పదివేల పంక్తులకి పైగా ఈటెలూ కత్తులూ నడిచాక కవి మనకి చూపించిన పెద్ద సాహసం ఇది. ఒక ముసలివాడు ఒక శవాన్ని అడిగి తెచ్చుకోవడం.

భారతంలో ఇలాంటిది లేదా అంటే, రెండున్నాయి. ఒకటి ఆశ్రమవాస పర్వంలో. వ్యాసుడు గంగలో దిగి, యుద్ధంలో పోయినవాళ్లందరినీ ఒక్క రాత్రికి పైకి రప్పిస్తాడు. కర్ణుడు, అభిమన్యుడు, దుర్యోధనుడు, అందరూ పగలు మరిచి వస్తారు. ధృతరాష్ట్రుడు కూడా కొడుకుల్ని కళ్లారా చూస్తాడు. తెల్లవారాక వాళ్లు మళ్లీ నీళ్లలోకి. ఇక్కడిదాకా అద్భుతం. కానీ భర్తల లోకానికి పోవాలనుకునే భార్యలు కూడా నీళ్లలో దిగవచ్చని వ్యాసుడు చెప్పడం, వాళ్లు దిగిపోవడం నాకు మింగుడుపడదు. ఒడిస్సియస్ తల్లి నీడని మూడుసార్లు కౌగిలించుకోబోతే మూడుసార్లూ చేతుల్లోంచి జారిపోయింది. ఆ జారిపోవడమే మరణం పట్ల ఎక్కువ మర్యాదగా తోస్తుంది.

రెండోది మనం మొదలుపెట్టిన పర్వంలోదే. దుర్యోధనుణ్ణి చూసిన కోపంలో ఉన్న ధర్మరాజుని దేవదూత ఒక దారిన తీసుకెళ్తాడు. చీకటి, కుళ్లిన మాంసం కంపు, జుట్టు, ఎముకలు, ఈగలు, పురుగులు. మరిగే నీళ్ల వైతరణి, కత్తుల్లాంటి ఆకులున్న అడవి. భరించలేక వెనుదిరుగుతాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు: కాసేపు ఉండు, నీ ఒంటి మీంచి వచ్చే గాలికి మాకు హాయిగా ఉంది. ఎవరు మీరంటే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి, నేను ద్రౌపదిని అని ఒక్కొక్కరే చెబుతారు. స్త్రీపర్వంలో అంత ధీమాగా తరగతులు చెప్పినవాడు ఇక్కడ తనవాళ్ల గొంతులే గుర్తుపట్టలేక పేర్లు అడగాల్సి వచ్చింది. ఆ పైన అతను అన్న మాట: నువ్వు పో, నిన్ను పంపినవాళ్లకి చెప్పు, నేను రాను, ఇక్కడే ఉంటాను. నా వల్ల వీళ్లకి సుఖంగా ఉంది. దేవతల్నీ ధర్మాన్నీ నిందిస్తాడు కూడా.

వెంటనే ఇంద్రుడొచ్చి అదంతా మాయ అంటాడు. రాజైనవాడు నరకం చూసితీరాలి, ద్రోణుణ్ణి కొడుకు విషయంలో మాయమాటతో మోసం చేశావు కాబట్టి నీకూ మాయతోనే నరకం చూపించాం అని వివరిస్తాడు. పాపం ఎక్కువున్నవాడు ముందు స్వర్గం అనుభవించి తర్వాత నరకానికి పోతాడని కూడా చెబుతాడు, అంటే దుర్యోధనుడి లెక్క కూడా సరిపెట్టేశాడు. మీరెందుకీ గొడవ, అంతా మాయే కదా అని నాతో వాదించేవాళ్లు ఈ వివరణనే చూపిస్తారు. నా జవాబు ఒకటే. ఇంద్రుడి వివరణ తర్వాత వచ్చింది. ధర్మరాజు నిర్ణయం ముందు జరిగింది. ఉంటాను అన్నప్పుడు అది పరీక్ష అని అతనికి తెలియదు. స్వర్గం చూసొచ్చాడు, నరకంలో నిలబడ్డాడు, రెండింటి మధ్య ఎంచుకున్నాడు. అతని చేతిలో ఆయుధం లేదు, ఎదురుగా శత్రువు లేడు, పూలవాన లేదు. మొత్తం కురుక్షేత్రంలో శల్యుణ్ణి ఈటెతో చంపడం తప్ప పెద్దగా ఏమీ సాధించని ధర్మరాజు, ఆ కంపులో కాలు కదపకుండా నిలబడి, వీరస్వర్గాన్ని కాదన్నాడు. అందుకే తమ్ముళ్లలో ఎంతమంది పరాక్రమవంతులున్నా ఈ కావ్యం చివరిదాకా అతని వెంటే నడిచిందనుకుంటాను.

ప్లేటో దగ్గర ఇంకొక్క మాట మిగిలి ఉంది. అకిలీస్ పంక్తిని కొట్టేయమన్న అదే పుస్తకం చివర్లో, పదో భాగంలో, ఆయన తనే ఒక పరలోకం కథ చెప్పాడు. ఎర్ అనే సైనికుడు యుద్ధంలో పడి, 12వ రోజున చితి మీద లేచి కూర్చుని, చూసొచ్చినదంతా చెబుతాడు. ఆత్మలు వరుసగా వచ్చి మరుజన్మకి తమ బతుకులు తామే ఎంచుకుంటున్నాయట. ట్రాయ్ యుద్ధంలో గ్రీకు వీరులైన అజాక్స్ సింహం బతుకు, ఆగమెమ్నాన్ గద్ద బతుకు ఎంచుకున్నారు. ఒడిస్సియస్‌కి ఆఖరి వంతు వచ్చింది. పడ్డ కష్టాలన్నీ గుర్తున్నాయి కాబట్టి కీర్తి మీద ఆశ చచ్చిపోయింది. చాలాసేపు వెతికి, అందరూ వదిలేస్తే ఒక మూల పడి ఉన్న ఒక మామూలు మనిషి బతుకుని, తన పని తాను చూసుకునేవాడి బతుకుని సంతోషంగా తీసుకున్నాడు. మొదటి వంతు నాదే అయినా దీన్నే తీసుకునేవాణ్ణి అన్నాడట. ఆ మాటకీ, కూలిపని చేసుకునైనా బతుకుతానన్న అకిలీస్ మాటకీ పెద్ద దూరం లేదు. ఈ పంక్తిని కొట్టేయమని మాత్రం ప్లేటో ఎవరికీ చెప్పలేదు.